ఇంట్లో ఫెర్న్‌ను ఎక్కడ పెట్టాలి? వెలుతురు కంటే ముందు గాలిని చూడాలి

నర్సరీలో పచ్చగా, గుబురుగా ఉన్న ఫెర్న్ ఇంటికొచ్చిన నెల తిరక్కుండానే ఆకుల చివర్లు మాడి, ముట్టుకుంటే రాలిపోవడం చాలా ఇళ్లలో చూసేదే. నీళ్లు చాలలేదేమోనని ఇంకాస్త పోస్తారు. దాంతో వేర్లు కుళ్లి మొక్క పూర్తిగా పోతుంది. చాలాసార్లు లోపం నీళ్లలో కాదు, కుండీ పెట్టిన చోటులో ఉంటుంది.

ఫెర్న్ పూలు పూయదు, విత్తనాలు ఇవ్వదు. సిద్ధబీజాల ద్వారా పునరుత్పత్తి చేసుకుంటుంది. ఆకుల అడుగున వరుసగా కనిపించే గోధుమ రంగు చుక్కలు వీటి సంచులే. పురుగు పట్టిందనుకుని ఆ ఆకులను తుంచేయాల్సిన పని లేదు. భారత్‌లో ఫెర్న్‌లు, వాటి దగ్గరి జాతులు కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. పశ్చిమ కనుమలు, తూర్పు హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాల్లో ఇవి ఎక్కువ. చెట్ల నీడ, తడి ఆరని నేల, తేమ నిండిన గాలి ఉన్న చోట్ల పెరిగే మొక్క ఇది. ఇంట్లో చోటు వెతకడమంటే ఈ మూడింటికి దగ్గరగా ఉన్న మూలను కనిపెట్టడమే.

సీసాలో బతికిన ఫెర్న్

తేమ ఎంత ముఖ్యమో 19వ శతాబ్దపు లండన్‌లో ఒక వైద్యుడికి అనుకోకుండా తెలిసింది. నథానియల్ బాగ్‌షా వార్డ్ పెరట్లో పెంచిన ఫెర్న్‌లు ఊరి బొగ్గు పొగకు చనిపోతుండేవి. 1829లో, ఒక చిమ్మట ప్యూపాను మట్టితో సహా మూసి ఉంచిన సీసాలో ఫెర్న్ మొలకెత్తడం ఆయన గమనించారు. మట్టిలోంచి ఆవిరైన నీరు గాజుకు పట్టి మళ్లీ మట్టిలోకే జారుతోంది. బయట బతకని మొక్క లోపల బతికింది. ఆ తర్వాత వచ్చిన గాజు పెట్టెలకు 'వార్డియన్ కేస్' అనే పేరు స్థిరపడింది. చైనా నుంచి తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతపు తోటలకు చేరింది అలాంటి పెట్టెల్లోనే.

ముందు గాలి

ఇళ్లలో పెంచే చాలా ఫెర్న్‌లకు గాలిలో తేమ 50 శాతం, అంతకు మించి ఉంటే మంచిది. విశాఖపట్నం, చెన్నై, ముంబయి వంటి తీర నగరాల్లో ఇది పెద్ద సమస్య కాదు. హైదరాబాద్, నాగ్‌పుర్, దిల్లీల్లో వేసవి మధ్యాహ్నాలు తేమ 30 శాతం చుట్టుపక్కలకు పడిపోవడం మామూలే. గదిలో తేమ ఎంతో చెప్పే చిన్న హైగ్రోమీటర్ కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది.

ఏసీ గదిలోని తేమను లాగేస్తుంది. అందువల్ల ఏసీ గాలి నేరుగా తగిలే చోటు ఫెర్న్‌కు పనికిరాదు. బాల్కనీలో ఏసీ బయటి యూనిట్ వేడిగాలి వదిలే మూల అంతకంటే చెడ్డది. సీలింగ్ ఫ్యాన్ కిందనే పెడితే ఆకులు, మట్టి రెండూ త్వరగా ఆరిపోతాయి. ఎయిర్ కూలర్ సంగతి వేరు. అది గదిలో తేమను పెంచుతుంది కాబట్టి, గాలి సూటిగా కొట్టకుండా కాస్త పక్కకు పెడితే కూలర్ ఉన్న గది ఫెర్న్‌కు అనుకూలమే.

ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే తేమ కొద్దిసేపే నిలుస్తుంది. దానికంటే గులకరాళ్లు, నీళ్లు ఉన్న పళ్లెం మీద కుండీని అడుగు తడవకుండా ఉంచడం, నాలుగైదు మొక్కలను దగ్గరగా చేర్చడం కొంత మేలు.

తర్వాత వెలుతురు

నీడ మొక్క అంటే చీకటి మొక్క అని కాదు. ఎండ నేరుగా తగలని వెలుతురు దీనికి కావాలి. ఉదయపు లేత ఎండ వచ్చే తూర్పు కిటికీ, లేదా ఉత్తరపు కిటికీ దగ్గర మంచిది. పడమటి కిటికీ అయితే రెండు మూడు అడుగులు వెనక్కి జరిపి, పల్చటి కర్టెన్ వేయాలి. దక్షిణపు కిటికీలోకి చలికాలంలో ఎండ లోపలిదాకా వస్తుంది.

దక్షిణాదిలో మరో విషయం గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు బాల్కనీ అంచున పెట్టిన మొక్కకూ ఎండ తగలవచ్చు.

వెలుతురును అంచనా వేయడానికి చిన్న పరీక్ష ఉంది. మధ్యాహ్నం పూట ఆ చోట తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తున చెయ్యి చాపాలి. అంచులు మసకగా ఉన్న నీడ పడితే చోటు సరైనది. నీడ స్పష్టంగా ఉంటే ఎండ ఎక్కువ. అసలు కనిపించకపోతే వెలుతురు చాలదు.

ఏ గది, ఏ రకం?

కిటికీ ఉన్న స్నానాల గది మంచి చోటు. చిన్న వెంటిలేటర్ మాత్రమే ఉంటే తేమ ఉన్నా వెలుతురు చాలదు. వంటింట్లో సింకు పక్క కిటికీ పర్వాలేదు కానీ గ్యాస్ పొయ్యి సెగ తగలకూడదు. ఫ్రిజ్ పక్కన, దీపం వేడి, అగరుబత్తి పొగ తగిలే చోట పెట్టకపోవడమే మంచిది.

రకాన్ని బట్టి కూడా చోటు మారుతుంది. హంసపాది కుటుంబానికి చెందిన మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ అన్నింటికంటే సున్నితం, పొడి గాలిని అసలు ఓర్చుకోదు. ఆకులు కిందికి వేలాడే బోస్టన్ ఫెర్న్‌ను స్టూలు మీదో, వేలాడే కుండీలోనో పెట్టాలి. దానికీ తేమ బాగా కావాలి. దళసరి ఆకుల బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ హాల్లోనూ సర్దుకుంటుంది, కానీ దాని నడిమధ్యలో నీళ్లు పోయకూడదు.

పెంపుడు జంతువులు ఉంటే...

అమెరికా జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ జాబితా ప్రకారం బోస్టన్ ఫెర్న్ కుక్కలకు, పిల్లులకు విషం కాదు. ఆస్పరాగస్ ఫెర్న్ మాత్రం అదే జాబితాలో విషపూరితమైనదిగా ఉంది. పేరులో ఫెర్న్ ఉన్నా అది శతావరి జాతి మొక్క. దాన్ని జంతువులకు, చిన్నపిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి.

కాలుష్యానికి విరుగుడుగా మంచం పక్కన పెట్టుకుంటే ఫలితం ఉంటుందని ఆశించలేం. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయన్న ప్రచారానికి మూలమైన 1989 నాటి నాసా ప్రయోగాలు మూసి ఉంచిన చిన్న పెట్టెల్లో జరిగాయి. తలుపులు, కిటికీలు తెరుచుకునే ఇంట్లో ఆ ప్రభావం కనిపించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు.

చోటు కుదరకపోతే ఆకులే చెబుతాయి

చివర్లు గోధుమ రంగుకు మారి పెళుసుబారితే తరచూ గాలి పొడిగా ఉందని అర్థం. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లూ కారణం కావచ్చు. ఆకులు తెల్లగా వెలిసిపోతే ఎండ ఎక్కువైంది. కాడలు సాగి, ఆకులు పల్చబడితే వెలుతురు తక్కువైంది. కింది ఆకులు పసుపుబారి మెత్తబడితే నీళ్లు ఎక్కువయ్యాయి.

చోటు మార్చాక రెండు మూడు వారాలు ఆగి కొత్త చిగుళ్లను చూడాలి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. నేల దగ్గర చుట్ట చుట్టుకుని పైకి లేచే చిగురు మాడకుండా విచ్చుకుంటే ఆ చోటు కుదిరినట్టే. అయితే అది ఏడాది పొడవునా కుదరకపోవచ్చు. వానాకాలంలో బాల్కనీలో హాయిగా ఉన్న కుండీని మార్చి నెల రాగానే లోపలికి జరపాల్సి రావచ్చు.