నిజాం రాజ్యంలో మూకీ నవ్వులు

మూకీ కామెడీ అనగానే అందరికీ చాప్లిన్ గుర్తొస్తాడు, కాస్త ఆసక్తి ఎక్కువున్నవాళ్ళకి బస్టర్ కీటన్. అదే కాలంలో మన హైదరాబాదులో కూడా కామెడీలు తీశారంటే నమ్ముతారా? తీసినాయన బెంగాలీ, పేరు ధీరేంద్రనాథ్ గంగూలీ. అందరూ డీజీ అనేవారు.

ఈయన శాంతినికేతన్‌లో చదువుకుని, హైదరాబాదులో బొమ్మలు వేయడం నేర్పాడు. ఆడవేషాలతో సహా రకరకాల వేషాలు తనే కట్టి, ఆ ఫోటోలతో 1915లో ఏకంగా పుస్తకమే వేశాడు. 1921లో కలకత్తాలో 'బిలేత్ ఫెరత్' వచ్చింది. కథ రాసిందీ, హీరోగా వేసిందీ డీజీయే. సీమకెళ్ళొచ్చి అక్కడి పోకడలన్నీ ఇంట్లోవాళ్ళ మీద రుద్దబోయే కుర్రాడి గోల అది. అమెరికా నుంచి సెలవులకి దిగే మా సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌ని చూస్తుంటే ఆ కథకి ఇంకా కాలం చెల్లలేదనిపిస్తుంది :)

1922లో నిజాం అండతో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. 'ఇంద్రజిత్', 'యయాతి' లాంటి పురాణాలతో పాటు 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్' కూడా తీశాడు. మా బాన్సువాడ పొలాలకి నీళ్ళిచ్చే నిజాంసాగర్ పని మొదలైంది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, 1923లో. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం నాలుగూ మాట్లాడే రాజ్యం మరి. కాలు జారి పడితే నవ్వడానికి ఏ భాషా అక్కర్లేదు కదా!

1924లో అంతా అయిపోయింది. బొంబాయిలో తీసిన 'రజియా బేగం' తెచ్చి ఆడించాడు. సుల్తానా ఒక హిందువుని ప్రేమించే కథ. నిజాంకి కోపమొచ్చి డీజీని రాజ్యం వదిలి పొమ్మన్నాడు. తను తీసిన సినిమాకి కాదు, ఎవరో తీసినదానికి! ఆయన కలకత్తా వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు, 1975కి గాను ఫాల్కే అవార్డు కూడా అందుకున్నాడు. నష్టపోయింది మనమే.

మన దేశంలో తీసిన మూకీలు సుమారు 1300. మిగిలినవి, ముక్కలతో కలిపినా, కొన్ని పదులు. వాటిలో లోటస్‌వి లేవు. అదృష్టం కొద్దీ 1931 నాటి బెంగాలీ కామెడీ 'జమాయ్ బాబు' దొరికింది. అత్తారింటికని కలకత్తా వచ్చి దారి తప్పే పల్లెటూరి అల్లుడి కథ. నటన చాప్లిన్‌కి నకలే, ఒప్పుకుంటాను. కానీ ఆ అల్లుడి వెనకాల అప్పటి ఊరంతా కదులుతుంటుంది. పురాణానికి ఒక కోటా, నాలుగు కిరీటాలుంటే చాలు. కామెడీకి ఊరు కావాలి. 'లేడీ టీచర్' ఒక్క రీలు దొరికినా, 1922లో హైదరాబాదు జనం దేనికి నవ్వుకున్నారో చూసేవాళ్ళం.