ఉక్కు: రెండు నుడుల ఉమ్మడి మాట

పరగోడు పక్క మనం ఇంట్లో ఇనుము అంటాం. బడిలో మన పిల్లలు కబ్బిణ అని రాస్తారు. ఉక్కు దగ్గరికి వచ్చేసరికి తెలుగులోనూ కన్నడంలోనూ మాట ఒకటే. 18వ శతాబ్దం చివర ఆంగ్లేయులు మన ఉక్కును 'వూట్జ్' అని రాసుకున్నారు. మన ఉక్కు మాటే వాళ్ల రాతలో అలా మారిందని ఎక్కువమంది పండితులు అంటారు. మాట ఇంకా మన నోట ఉంది. దాని వెనకున్న పనితనం మాత్రం ఎప్పుడో ఆరిపోయింది.

ఆ పని మూలం చిన్నదే. నేలలో ఇనుము సాధారణంగా ఆక్సిజన్‌తో కలిసి రాయిగానో నల్ల ఇసుకగానో ఉంటుంది. ఆ రెంటినీ విడదీయడమే ఇనుము తీయడం. మట్టి కొలిమిలో కట్టెబొగ్గు, ఖనిజం కలిపి పోసి తిత్తులతో గాలి ఊదితే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పుట్టి, ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఆ కొలిమికి అంత వేడి రాదు. అందుకే ఇనుము గుల్లగుల్లగా ముద్దకడుతుంది. రాతి మలినం కరిగి చిట్టెంగా కారిపోతుంది. ఎర్రటి ముద్దను సమ్మెటలతో బాదితే మిగిలిన చిట్టెం కూడా పోయి, కర్రులకు, కొడవళ్లకు పనికొచ్చే ఇనుము వస్తుంది.

గౌరిబిదనూరు దాటి పడమరకు పోతే మధుగిరి సీమ. 1800లో మైసూరు రాజ్యం తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ అక్కడి కొలుముల గురించి వివరంగా రాశాడు. వానలకు కొండవాగుల్లో కొట్టుకొచ్చే నల్ల ఇసుకే వాళ్ల ఖనిజం. ఉక్కు చేసే తీరూ అతను రాశాడు. పచ్చిమట్టి మూసలో ఇనుప ముక్క, మూడు రూపాయల ఎత్తు తంగేడు కాడ, రెండు పచ్చి ఆకులు పెట్టి, మట్టితోనే మూత వేసి కాల్చేవారు. మన గుట్టల మీద పసుపుగా పూసే తంగేడే అది! మూసలో కాడ మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గులోని కార్బన్ ఇనుములోకి దిగుతుంది. కార్బన్ పట్టిన ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. నూటికి ఒకటిన్నర పాలు పడితే వాడి నిలిచే ఉక్కు. నాలుగు పాళ్లయితే పెళుసు పోత ఇనుము. ఆ లెక్క వాళ్లు కార్బన్ పేరు వినకుండానే చేతి అలవాటుతో పట్టుకున్నారు.

తెలంగాణలో నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు కోసం పారసీక వర్తకులు వచ్చేవారు. లండన్‌లో మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్లు ఈ ఉక్కు గుట్టు వెతికాడు. అదే శతాబ్దంలో సీమ నుంచి చవక ఇనుము దిగింది, అడవులు తరిగి బొగ్గు ప్రియమైంది, మన కొలుములు ఆరాయి.

తర్వాతి కథలోనూ మన సీమవాడున్నాడు. చిక్కబళ్లాపురం పక్క ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యది తెలుగు మాట్లాడే ఇల్లు. 1923లో భద్రావతిలో మైసూరు ఇనుప కర్మాగారం మొదలైంది. అదీ కట్టెబొగ్గుతోనే. నష్టాల్లో ఉన్న దాన్ని ఆయన ఆరేళ్లు నడిపి నిలబెట్టాడు.

విశ్వేశ్వరయ్య పేరు అందరికీ తెలుసు. మూసలో తంగేడు కాడను తూచిపెట్టిన చేతుల సంగతి మనకు బుకానన్ ఇంగ్లీషులో రాయబట్టే తెలిసింది. ఆ పనివాళ్లు మాట్లాడిన తెలుగులోనో కన్నడంలోనో ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది! తిత్తి, మూస, సమ్మెట, చిట్టెం... ఈ మాటలైనా ఇంకా కమ్మరి పెద్దల నోట ఉన్నాయి. మీ ఊళ్లో అలాంటి పెద్దలుంటే అడిగి, వాళ్లు ఎలా పలికితే అలాగే రాసి పత్రికకు పంపండి.