కాలిన్స్ అమ్మిన ఇల్లు

చిన్న ఇంటి గురించి మాట్లాడేవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు థోరో పేరు ఎత్తుతారు. మసాచుసెట్స్‌లో కాంకర్డ్ ఊరికి కాస్త దూరంగా, వాల్డెన్ చెరువు పక్కన, పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు ఉన్న ఒక్క గది. 1845 జులై 4న అందులో చేరాడు, 1847 సెప్టెంబర్ 6న ఖాళీ చేశాడు. 1854లో వచ్చిన ‘వాల్డెన్’ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఇంటి ఖర్చు పద్దంతా అచ్చేశాడు. మేకులకి 3 డాలర్ల 90 సెంట్లు, రెండు పాత కిటికీలకి 2 డాలర్ల 43, వెయ్యి పాత ఇటుకలకి 4 డాలర్లు, సుద్దముక్కకి 1 సెంటు. మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. హార్వర్డ్‌లో ఇంతకంటే కొంచెమే పెద్దదైన గదికి విద్యార్థి ఏడాదికి 30 డాలర్లు అద్దె కడుతున్నాడని కూడా గుర్తు చేస్తాడు.

నాలాంటి స్ప్రెడ్‌షీట్ మనుషులకి ఆ పద్దు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఈ మధ్య దాన్ని చాలాసార్లు చదివాను, ఎందుకో తర్వాత చెప్తాను. చదివిన ప్రతిసారీ మొదటి వరుస దగ్గరే ఆగిపోతున్నా. పలకలు: 8 డాలర్ల మూడున్నర సెంట్లు. వాటిలో ఎక్కువ భాగం ఒక గుడిసె విప్పగా వచ్చినవి.

ఆ గుడిసె జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీది. ఫిచ్‌బర్గ్ రైలు మార్గం పనిలో ఉండేవాడు. 1844లో రైలు కాంకర్డ్ దాకా వచ్చేసింది. పట్టాలు వేసిన కూలీలకి ఇంక అక్కడ పనేముంటుంది? థోరో చూడ్డానికి వెళ్ళినప్పుడు కాలిన్స్ లేడు, భార్య దీపం వెలిగించి లోపల చూపించింది. చుట్టూ అయిదడుగుల ఎత్తున మట్టి పోసి ఉంది. లోపల చాలావరకు మట్టినేల, చెమ్మ, చీకటి. ఒక పొయ్యి, ఒక మంచం, ఆ ఇంట్లోనే పుట్టిన పసిబిడ్డ, ఒక పట్టు గొడుగు, బంగారు పూత చట్రంలో అద్దం, కొత్త కాఫీ మర.

ఇంతలో కాలిన్స్ వచ్చాడు. బేరం నిమిషాల్లో తెగింది. ఆ రాత్రికి 4 డాలర్ల 25 సెంట్లు ఇవ్వాలి, పొద్దున అయిదింటికి వాళ్ళు ఖాళీ చేయాలి, ఆరింటికి ఇల్లు థోరోది. కాస్త ముందే రమ్మని కాలిన్స్ సలహా కూడా ఇచ్చాడు, నేల అద్దె అనీ కట్టెల బాకీ అనీ ఎవరైనా అన్యాయంగా పేచీ పెట్టొచ్చని. ఆరింటికి దారిలో ఆ కుటుంబం ఎదురైంది. మంచం, కాఫీ మర, అద్దం, కోళ్ళు, అన్నీ ఒక్క మూటలో. పిల్లి ఒక్కటే అడవిలోకి పారిపోయింది. తర్వాత అదీ ఉచ్చులో పడి చచ్చిపోయిందని థోరో రాస్తాడు. పలకలు పీకుతుంటే చూస్తూ నిలబడిన పొరుగువాణ్ణి అడ్డం పెట్టుకుని, ఈ చిన్న సంఘటనని ట్రాయ్ దేవతల తరలింపుతో పోల్చి నవ్విస్తాడు కూడా. వాక్యం బాగుంటుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

వాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో థోరో రాయలేదు. అప్పట్లో రోజు కూలి సుమారు ఒక డాలరని లెక్క కట్టింది ఆయనే. అంటే కాలిన్స్ ఇంటి ఖరీదు నాలుగు రోజుల కూలి. ఆ చుట్టుపక్కల మామూలు ఇల్లు 800 డాలర్లనీ, అది సంపాదించడానికి కూలివాడికి పది పదిహేనేళ్ళు పడుతుందనీ లెక్క వేసింది కూడా ఆయనే. ఇరవయ్యేళ్ళ హోమ్ లోన్ పత్రాలు ముందు పెట్టుకున్నవాడికి ఆ పేజీ గుచ్చుకుంటుంది.

పద్దులో లేనిది ఇంకోటుంది: స్థలం. ఆ నేల 1844లో ఎమర్సన్ కొన్నది. స్నేహితుడు కాబట్టి ఉండనిచ్చాడు. కలప, రాళ్ళు, ఇసుక అక్కడివే. గొడ్డలి అరువుది. కాలిన్స్‌ని నేల అద్దె అడిగేవాళ్ళుంటారు, థోరోని అడగరు. థోరోని వేషధారి అనడం ఈమధ్య ఫ్యాషన్. నేను అనను, లెక్క దాచకుండా మన ముందు పెట్టినవాడు ఆయనే కదా. కానీ చిన్న ఇల్లు చవక అని చెప్పేముందు నేల ఎవరిదో చూడాలి.

నేను చూస్తున్నది హైదరాబాద్‌లో 340 చదరపు అడుగుల స్టూడియో ఫ్లాట్. ఒప్పందం ముసాయిదాలో నా వంతుకి వచ్చే అవిభాజ్య స్థలం 11 గజాలు. మిగతాదంతా గోడలూ లిఫ్టూ. కట్టడం పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది, నిలిచేది నేలే. మా ఆవిడ వాదన వేరు: “ఇద్దరం మనుషులం, అద్దె కట్టి ఎన్నాళ్ళుంటాం? చిన్నదైతే అప్పు ఏడేళ్ళలో తీరిపోతుంది.” ఈ లెక్క తప్పని నేను చూపించలేకపోయాను.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఆ ఫ్లాట్‌లో ఇప్పుడు ముగ్గురు అద్దెకున్నారు, ఒక పాప పదో తరగతి. మేం చూడ్డానికి వెళ్తే పుస్తకాలు మంచం మీదకి జరిపి దారిచ్చింది. “వాళ్ళదేముంది సార్, నెలాఖరుకి ఖాళీ చేయిస్తా,” అన్నాడు అమ్మే ఆయన.

థోరో వదిలేశాక ఆ ఇంటిని ఎమర్సన్ కొన్నాడు, ఆయన నుంచి తోటమాలికి వెళ్ళింది. 1849లో ఇంకొకరు కొని తమ పొలానికి తరలించి ధాన్యం పోసుకున్నారు. తర్వాత విప్పేశారు. 1945లో రోలండ్ రాబిన్స్ తవ్వితే పొగగొట్టం పునాది బయటపడింది.

టోకెన్ అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. పదో తరగతి పరీక్షలయ్యాకే ఇల్లు అప్పగించాలని ఒప్పందంలో రాయమన్నాను. ఈలోపు ఇంకెవరైనా వస్తే ఇచ్చేస్తానన్నాడాయన. సరే అన్నాను.