గుండె ఎకో – డాక్టర్లు నేర్చిన కొత్త చదువు

రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసిన మన సభ్యులకు అల్ట్రాసోనిక్ యంత్రం కొత్త కాదు. ఇరుసు చివర ప్రోబు ఆనించి, లోపలికి పంపిన ధ్వని ఎక్కడ తగిలి తిరిగి వస్తున్నదో తెర మీద చూసి, పగులు ఉన్నదీ లేనిదీ చెప్పేవాళ్ళం. శిక్షణ లేనివారికి అవి వట్టి గీతలే. గుండెకు చేసే ఎకో పరీక్ష ఈ విద్యకు తోబుట్టువు. మన వయసువారిలో బైపాస్, వాల్వు ఆపరేషన్లు చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు గనుక ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగే ఎడ్లర్ అనే గుండె డాక్టరు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి పనిచేశారు. మైట్రల్ వాల్వు ఎంత చెడిపోయిందో ఆపరేషన్‌కు ముందే తెలుసుకోవాలన్నది ఎడ్లర్ గారి తపన. మాల్మోలోని కోకుమ్స్ ఓడల కర్మాగారంలో లోహాన్ని పరీక్షించే యంత్రాన్ని తొలుత ప్రయత్నించారు. తరువాత అటువంటిదే సీమెన్స్ వారి యంత్రంతో 1953 అక్టోబరు 29న గుండె కదలికలను నమోదు చేశారు.

యంత్రం వచ్చినంత త్వరగా దానిని చదవగలవారు రాలేదు. అమెరికాలోని ఇండియానాలో హార్వే ఫైగెన్‌బామ్ గారు, గుండె చుట్టూ చేరిన నీటిని ఈ పద్ధతిలో గుర్తించవచ్చునని 1965లో ప్రకటించారు. 1968లో ఇతర డాక్టర్లకు తరగతులు నడిపారు. 1972లో పాఠ్యగ్రంథం వెలువరించారు. అయినా ఎకో చాలాకాలం గుండె డాక్టర్ల విద్యగానే ఉండిపోయింది.

ఆపరేషన్ తరువాత ఐ.సి.యు.లో పరిస్థితి వేరు. అర్ధరాత్రి రోగికి బి.పి. పడిపోతుంది. ఒంట్లో రక్తం తగ్గిందా? గుండె కండరం నీరసించిందా? గుండె చుట్టూ రక్తం చేరి నొక్కుతున్నదా? పైకి మూడూ ఒకేలా కనిపించవచ్చు. మొదటిదానికి సెలైనో రక్తమో ఎక్కించాలి. రెండవదానిలో అదే ఎక్కువైతే ప్రమాదం. మూడవదానికి వెంటనే ఛాతీ తిరిగి తెరవవలసి రావచ్చు. తెల్లవారేదాకా ఆగే వ్యవధి ఉండదు. పైగా కట్లు, గొట్టాలు, వెంటిలేటరు వల్ల ఛాతీ మీద నుండి బొమ్మ సరిగా రాకపోవచ్చు. గడ్డకట్టిన రక్తం గుండె వెనుక దాగి ఉండవచ్చు. అన్నవాహిక గుండెకు వెనుకనే ఉంటుంది గనుక, సన్నని ప్రోబును నోటి ద్వారా అందులోకి దించి చూసే పద్ధతిని 1976లో అమెరికా డాక్టర్లు ప్రకటించారు.

దానితో మత్తు డాక్టర్లు, ఐ.సి.యు. డాక్టర్లు కూడా ఈ విద్య నేర్వవలసి వచ్చింది. 1996లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘాలు మార్గదర్శకాలు ఇచ్చాయి. 1998లో పరీక్ష మొదలైంది. కొద్ది కోణాల నుండి గుండెను త్వరగా చూసి ప్రాణాపాయాన్ని పసిగట్టే పద్ధతిని డెన్మార్క్‌లోని ఆర్హుస్ డాక్టర్లు 2004లో ప్రచురించారు. ఐ.సి.యు. డాక్టర్లకు ప్రత్యేక ఎకో పరీక్ష అమెరికాలో 2019లో ప్రారంభమైంది. నేడు నేర్చుకునేవారు ముందు బొమ్మ మనిషి మీద సాధన చేస్తారు. తరువాత అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తారు. అనుమానం వస్తే నిపుణుని పిలవాలన్నది కూడా ఆ శిక్షణలో భాగమే.

కనుక మిత్రులారా, మనలో ఎవరికైనా గుండె ఆపరేషన్ నిశ్చయమైతే, ఆసుపత్రిలో ఏ యంత్రం ఉన్నదని అడగడంతో సరిపెట్టుకోవద్దు. రాత్రివేళ దానిని చదవగల డాక్టరు ఐ.సి.యు.లో ఉంటారా అని కూడా మర్యాదగా అడిగి తెలుసుకోండి.