కాఫీపొడి, పిప్పరమెంటు, మూడు పొట్లాలు

ఊరినుంచి ఎవరు వచ్చినా మనకు కాఫీపొడి తేవడం ఆనవాయితీ. ఆ పొట్లం మీద కాఫీ యిన్ని పాళ్లు, చికోరీ యిన్ని పాళ్లు అని అచ్చువేసి వుంటుంది. మనలో చాలామందికి చికోరీ లేనిదే కాఫీ రుచించదు కూడా. కాని ఆ చిన్న అచ్చు వెనక పెద్ద కథే వుంది. అది నడిచింది మనం కాపురముంటున్న యీ ఇంగ్లండులోనే.

1850 ప్రాంతంలో లండన్ కొట్లలో కాఫీ పేరుతో చికోరీ విరివిగా అమ్మేవారు. రెండూ కలిసిపోతే కనిపెట్టే ఉపాయం లేదని రసాయన పండితులు చెప్పారని నాటి ఆర్థికమంత్రి పార్లమెంటులో అన్నాడు. ఆర్థర్ హిల్ హాసల్ అనే డాక్టరు సూక్ష్మదర్శిని కింద పెట్టి రెండింటినీ విడదీసి చూపించాడు! మన డాక్టరు మిత్రులు చదివే 'లాన్సెట్' సంపాదకుడు థామస్ వాక్లీ ఆయనకు అండగా నిలిచాడు. 1851 నుంచి 1854 దాకా కొట్లలో సరుకు కొని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. రొట్టెలో పటిక, కారంలో సీసపు సిందూరం, పిల్లల మిఠాయి రంగుల్లో సీసమూ రాగీ. అమ్మినవారి పేర్లూ చిరునామాలూ కూడా అచ్చువేశారు. మంచి సరుకు అమ్మినవారి పేర్లు కూడా వేశారండోయ్. 1855లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది. చట్టం మాత్రం రాలేదు.

1858 అక్టోబరు 30, శనివారం. బ్రాడ్‌ఫర్డ్ సంతలో ఒకాయన పిప్పరమెంటు బిళ్ళలు అమ్మాడు. పంచదార ఖరీదు కనుక అందులో జిప్సం పొడి కలపడం ఆనాటి మామూలు వ్యవహారం. దానికొక ముద్దుపేరు కూడా వుండేది, 'డాఫ్' అని. మిఠాయి వ్యాపారి ఆ పొడి కోసం మందుల కొట్టుకు మనిషిని పంపాడు. కొట్టు యజమాని జబ్బుపడి వున్నాడు. కుర్ర గుమాస్తా ఒక పీపాకు బదులు మరో పీపాలోంచి 12 పౌన్లు తూచి యిచ్చాడు. అది పాషాణం. మొదట చనిపోయిన పిల్లలకు కలరా సోకిందనుకున్నారు. సుమారు 20 మంది పోయారు, 200 మందికి పైగా మంచం పట్టారు. అమ్మినాయనకూ జబ్బు చేసింది. కోర్టులో నేరం ఎవరిమీదా నిలవలేదు. మిఠాయిలో జిప్సం కలపడమే అప్పటికి నేరం కాదు మరి.

1860లో చట్టమైతే వచ్చింది. పరీక్షకుణ్ణి నియమించుకోవచ్చును అన్నారు గాని, నియమించి తీరాలి అనలేదు. దాంతో చాలా ఊళ్లు ఆ ఖర్చు జోలికే పోలేదు. పైగా అనుమానం వచ్చిన మనిషే సరుకు కొని, రుసుము కట్టి ఫిర్యాదు చేసుకోవాలి. పటిక రొట్టె తినే కూలివాడు ఆ పని చేస్తాడా? 1872, 1875 చట్టాలతో గాని కదలిక రాలేదు. అధికారే వెళ్లి కొంటాడు. కొన్నాక, యిది పరీక్షకు పోతున్నదని అమ్మినవాడికి చెబుతాడు. మూడు భాగాలు చేసి సీలువేస్తాడు. ఒకటి అమ్మినవాడికి, ఒకటి పరీక్షకుడికి, ఒకటి తన దగ్గర.

ఇన్‌స్పెక్టరు అనగానే మామూళ్లు గుర్తుకొచ్చే దేశంనుంచి వచ్చినవాళ్లం మనం. మా దృష్టిలో ఆ మూడు పొట్లాల తెలివి అక్కడే వుంది. కొట్టువాణ్ణి నమ్మక్కర్లేదు, ఇన్‌స్పెక్టరునూ నమ్మక్కర్లేదు, పరీక్షకుణ్ణి సైతం నమ్మక్కర్లేదు. తగాదా వస్తే మిగిలిన పొట్లం విప్పి చూడవచ్చు. ఈ పద్ధతే మనదేశమూ వెళ్లింది. మద్రాసు రాష్ట్రంలో 1918లోనే కల్తీ నిరోధక చట్టం చేశారు. 1954లో కేంద్రచట్టం వచ్చి, 1955 జూన్ 1న అమలయింది. అందులోనూ సాక్షుల సంతకం, మూడు భాగాలు, సీళ్లు. 2006 చట్టం కింద నిబంధనలు వచ్చాక భాగాలు నాలుగయ్యాయి. మామూలు కొనుగోలుదారు కూడా రుసుము కట్టి పరీక్ష చేయించుకునే హక్కు ఆ రెండు చట్టాల్లోనూ వుంది. మన బంధువుల్లో దాన్ని వాడినవారెవరూ మాకు తగల్లేదు.

ఒక తేడా చెప్పాలి. అక్కడ 2011 నుంచి చిన్న బండికి రిజిస్ట్రేషను, పెద్ద హోటలుకు లైసెన్సు. ఇక్కడ భోజన హోటలుకు రిజిస్ట్రేషను చాలు. 1996లో స్కాట్లండులో మాంసం తిని ఈ-కోలై సోకి సుమారు 20 మంది చనిపోయాక, 2000లో ఇంగ్లండులో మాంసం కొట్లకు లైసెన్సు పెట్టారు గాని 2006లో తీసేశారు. తనిఖీ మాత్రం ఆగలేదు. 2010 నుంచి వంటింటి శుభ్రతకు 0 నుంచి 5 దాకా మార్కులు వేయడం మొదలైంది. వేల్సులో 2013 నుంచి, ఉత్తర ఐర్లండులో 2016 నుంచి ఆ అంకె వాకిట్లో అతికించి తీరాలన్నారు. హాసల్ కొట్లవాళ్ల పేర్లు బయటపెట్టిన ఇంగ్లండులో మాత్రం దాన్ని యజమాని యిష్టానికే వదిలిపెట్టారు.