పెనుకొండ నిధి: చరిత్ర ఎంత, కథ ఎంత?

పెనుకొండ: విజయనగర రాజుల ధనరాశులు పెనుకొండ దుర్గంలో నిక్షిప్తమై ఉన్నాయన్న నమ్మకం రాయలసీమలో తరతరాలుగా ప్రచారంలో ఉంది. దీనికి ఆధారాలు ఏ మేరకు ఉన్నాయో పరిశీలిస్తే కొంత చరిత్ర, మరికొంత ఊహ కనిపిస్తాయి.

1565 జనవరిలో రాక్షసి-తంగడి (తళ్లికోట) యుద్ధంలో అళియ రామరాయలు మరణించారు. ఆయన సోదరుడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకొని రాజధాని విడిచి పెనుకొండ చేరారు. ఇంతవరకు చరిత్రకారులు అంగీకరించిన విషయమే.

550 ఏనుగుల లెక్క

పది కోట్ల పౌండ్లకు మించిన బంగారం, వజ్రాలు, మణులను 550 ఏనుగులపై తరలించారని రాబర్ట్ సూయెల్ 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్' గ్రంథంలో రాశారు. ఆ గ్రంథం వెలువడింది 1900లో, అంటే యుద్ధం ముగిసిన 335 ఏళ్లకు. సంపద తరలిందని ఆయన చెప్పారే తప్ప, దానిని భూమిలో పాతిపెట్టారని చెప్పలేదు.

వర్తకుడి సాక్ష్యం

వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ 1567లో విజయనగరంలో ఏడు నెలలు గడిపారు. మంచి ధర ఇస్తానని తిరుమలరాయలు గుర్రాల వర్తకులను రప్పించి, గుర్రాలు తీసుకొని, పైకం చెల్లించకుండానే పంపివేశారని ఆయన రాశారు. అంతులేని ధనం చేతిలో ఉన్న ప్రభువు గుర్రాలకు వెల ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న సహజం. ఇది నిధి లేదనడానికి రుజువు కాకపోయినా, ఏనుగుల లెక్కను యథాతథంగా నమ్మరాదని హెచ్చరిస్తుంది. పైగా ఛిన్నాభిన్నమైన సైన్యాన్ని కూడగట్టి, పెనుకొండ రాజధానిగా రాజ్యాన్ని తిరిగి నిలబెట్టడానికి ధనం అవసరం. తెచ్చిన సంపదలో అధికభాగం అందుకే ఖర్చయి ఉంటుందనుకోవడం సమంజసం.

తవ్వితే నేరం

గుప్తనిధుల ఆశతో దుండగులు పాత గుడులలో విగ్రహాలను పెకలించి, గర్భగుడులను తవ్వుతున్న ఘటనలు తెలుగునాట కొత్త కావు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన విలువైన నిక్షేపం దొరికితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే వాటా కోల్పోవడమే కాక, ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. రక్షిత కట్టడాలను ధ్వంసం చేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వర్తిస్తుంది.

శాసనం, నాణెం, శిల్పం ఉన్నచోటనే ఉంటే చరిత్ర చెబుతాయి. గునపం పడితే ఆ సాక్ష్యం శాశ్వతంగా నశిస్తుంది. కథలోని నిజానిజాలు తేల్చుకునే అవకాశమూ దానితోనే పోతుంది.