పుకారు, లెక్క: సూరత్ నగరం నేర్పే పత్రికల పాఠం



సూరత్ పేరు మీ చరిత్ర పుస్తకాల్లో రెండు చోట్ల కనిపిస్తుంది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకున్న రేవు పట్టణంగా ఒకసారి, 1907లో జాతీయ కాంగ్రెస్ మితవాదులు, అతివాదులుగా చీలిపోయిన చోటుగా మరొకసారి. ఈ పాఠంలో మనం మూడో సూరత్‌ను చూద్దాం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో పత్రికల మొదటి పేజీలకెక్కిన సూరత్ అది.

నగర జీవితాన్ని, నగర ప్రజల కష్టాలను స్థానిక పత్రికలు ఎలా చూపిస్తాయి? ఏవి చూపించకుండా వదిలేస్తాయి? ఇవే మన ప్రశ్నలు. పాత పత్రిక చరిత్రకు ఒక ఆధారం. అయితే ప్రయోగశాలలో కొలత తీసుకునే ముందు కొలిచే పరికరాన్ని సరిచూసుకుంటాం కదా! పత్రికనూ అలాగే సరిచూసుకుని వాడుకోవాలి.

నగరం పెరిగిన వేగం

ముందుగా జనాభా లెక్కలు చూడండి. 1971లో సూరత్ నగర జనాభా సుమారు 4.7 లక్షలు. 1991 నాటికి అది దాదాపు 15 లక్షలు. 2011లో 44 లక్షలు దాటింది. అంటే నలభై ఏళ్లలో తొమ్మిది రెట్లకు పైగా పెరిగింది. నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఆల్థాన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఒకప్పుడు అది పొలాల మధ్య ఉన్న ఊరు. నగరం పెరుగుతూ వచ్చి దానిని తనలో కలుపుకుంది. ఇప్పుడు అక్కడ అపార్టుమెంట్లు, వెడల్పాటి రోడ్లు ఉన్నాయి.

ఈ పెరుగుదలకు కారణం మరమగ్గాలు, అద్దకం మిల్లులు, వజ్రాల సాన పరిశ్రమ. వాటిలో పనికి ఒడిశా, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి కార్మికులు వచ్చారు. చేనేత దెబ్బతిన్న తెలంగాణ జిల్లాల నుంచి మన నేత కుటుంబాలూ వెళ్లాయి. లింబాయత్, ఉధనా వంటి పేటల్లో వారు స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, ఉర్దూ, హిందీ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లోనూ ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే అక్కడ ఎన్ని ప్రాంతాల కూలీల పిల్లలు ఉన్నారో ఊహించుకోవచ్చు.

పని దొరికినంత వేగంగా ఇల్లు, నీరు, మురుగు కాలువ దొరకలేదు. ఒకే గదిని పగటి షిఫ్టువారు, రాత్రి షిఫ్టువారు వంతులవారీగా వాడుకునేవారు. చాలా పేటలకు భూగర్భ డ్రైనేజీ లేదు. చెత్త రోజుల తరబడి అలాగే ఉండేది. ఇదంతా ప్రతిరోజూ ఉన్న స్థితే. కాని ప్రతిరోజూ ఉండే దానిని పత్రికలు సాధారణంగా వార్తగా చూడవు. ఈ మాట గుర్తుంచుకోండి; మళ్లీ దీని దగ్గరకు వస్తాం.

పత్రికలు, ప్లేగు: పాత సంబంధం

సూరత్‌కు పత్రికలు కొత్త కాదు. 1863లో దిన్షా అర్దేషిర్ తాలియార్‌ఖాన్ అక్కడ ‘సూరత్ మిత్ర’ను ప్రారంభించారు. మరుసటి ఏడాది అది ‘గుజరాత్ మిత్ర’ అయింది. మన దేశంలో ఇంతకాలంగా నడుస్తున్న పత్రికలు చాలా తక్కువ.

ప్లేగుతోనూ మన పత్రికలకు పాత సంబంధమే ఉంది. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ప్లేగు బాక్టీరియాను గుర్తించారు. 1896లో ఆ వ్యాధి బొంబాయికి చేరింది. 1897లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. పుణెలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేయడం జనానికి ఆగ్రహం తెప్పించింది. ప్లేగు అధికారి రాండ్ హత్య జరిగింది. ‘కేసరి’లో వచ్చిన రచనలకు గాను తిలక్‌పై రాజద్రోహ నేరం మోపి 18 నెలల శిక్ష వేశారు. వ్యాధి గురించి రాయడమంటే ప్రభుత్వం ఎలా పనిచేస్తోందో రాయడం కూడా అన్నమాట.

1994: పుకారు పరుగులు

సరిగ్గా యెర్సిన్ కనుగొన్న వందేళ్లకు ఆ బాక్టీరియా మళ్లీ వార్తల్లోకి వచ్చింది. 1966 తరువాత మన దేశంలో ప్లేగు కనిపించలేదు. 1994 ఆగస్టులో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గడ్డల ప్లేగు బయటపడింది. సూరత్‌లో ఆ వర్షాకాలం తపతి నదికి వరద వచ్చింది. లోతట్టు పేటల్లో బురద, చచ్చిన పశువులు మిగిలాయి. సెప్టెంబరు మూడో వారంలో వేద్ రోడ్ ప్రాంతంలో జ్వరంతో, ఊపిరితిత్తుల వ్యాధితో కొందరు చనిపోయారు. ఊపిరితిత్తుల ప్లేగు దగ్గు తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికి సోకుతుంది. టెట్రాసైక్లిన్ వంటి మందులు సకాలంలో ఇస్తే నయమవుతుంది.

అధికారుల నుంచి స్పష్టమైన మాట వెంటనే రాలేదు. ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంది. తాగునీటిలో విషం కలిపారని ఒక పుకారు, వందల మంది చనిపోయారని మరొకటి. కొన్ని పత్రికలు విన్న సంఖ్యనే అచ్చువేశాయి. కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్లు, బస్సులు ఎక్కి నగరం విడిచారు. వారి సంఖ్యపై అంచనాలు రెండు లక్షల నుంచి ఆరు లక్షల దాకా ఉన్నాయి. ఆ రైళ్లలో తెలుగు నేత కార్మికులూ ఉన్నారు. రోగులకు అండగా ఉండవలసిన ప్రైవేటు వైద్యులలో చాలామంది ఊరు విడిచి వెళ్లారు. విదేశాలు మన విమానాలపై ఆంక్షలు పెట్టాయి.

చివరికి తేలినదేమిటి? దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 5 వేలకు పైగా నమోదయ్యాయి. పరీక్షల్లో ఆధారం దొరికినవి వెయ్యి లోపే. మరణాలు సుమారు 50కి కొంచెం పైన. ‘అనుమానిత’ అన్న ఒక్క మాటను శీర్షికలో వదిలేస్తే పాఠకుడి కళ్ల ముందున్న దృశ్యమే మారిపోతుందని ఈ అంకెలు చెబుతున్నాయి.

అసలు అది ప్లేగేనా అన్న వివాదమూ చాలాకాలం నడిచింది. దానిని పరిశీలించేందుకు కేంద్ర ప్రభుత్వం నియమించిన సంఘానికి అధ్యక్షులు శ్రీకాకుళంలో పుట్టిన ప్రఖ్యాత వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి. అది ప్లేగేనని ఆ సంఘం నిర్ధారించింది. అయితే ఈ నిర్ధారణ వచ్చేసరికి వార్త పాతబడిపోయింది. భయం మొదటి పేజీలో వస్తే, సమాధానం లోపలి పేజీలో వచ్చింది.

వార్త కానిది ఏది?

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గరకు వద్దాం. మరణం ఒక సంఘటన. దానికి తేదీ ఉంటుంది, చోటు ఉంటుంది. మురుగు కాలువ లేకపోవడం సంఘటన కాదు, ఒక స్థితి. దానికి తేదీ లేదు. అందువల్ల ఇరవై ఏళ్లుగా ఉన్న లోపం పత్రికలో కనబడదు. దాని ఫలితం మాత్రం ఒక్క రోజులో పెద్ద అక్షరాల్లో కనబడుతుంది.

రెండో సంగతి, నిందకు సంబంధించినది. ‘మురికివాడల వల్ల, వలస వచ్చినవారి వల్ల నగరం పాడైంది’ అనే ధోరణి ఇలాంటి సమయాల్లో తేలికగా తలెత్తుతుంది. మగ్గం నడిపేది ఆ వలస కూలీయే. అతని పేటకు నీరు, కాలువ ఇవ్వనిది ఎవరన్న ప్రశ్న మాత్రం వెనక్కి పోతుంది.

మూడోది, కథానాయకుడి కథ. 1995 మేలో తెలుగువారైన ఎస్.ఆర్. రావు సూరత్ మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి, ఒక్కొక్క దానికి పూర్తి అధికారాలున్న కమిషనర్‌ను పెట్టారు. అధికారులందరూ రోజూ వీధుల్లో తిరిగి పని చూడాలన్నారు. రాత్రిపూట ఊడ్పించారు. పలుకుబడి ఉన్నవారి అక్రమ కట్టడాలనూ వదలలేదు. 1996లో ‘ఇంటాక్’ సంస్థ సర్వేలో చండీగఢ్ తరువాత పరిశుభ్రమైన నగరంగా సూరత్ పేరు వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం అందుకుంది. పత్రికలు రావును ఆకాశానికెత్తాయి. ఆయన అర్హులే. కాని రాత్రిళ్లు చీపురు పట్టిన వేలాది పారిశుధ్య కార్మికుల పేర్లు ఆ కథల్లో ఎక్కడున్నాయి? వారు లేకుండా ఆ మార్పు లేదు.

2021: పత్రికలు చేసిన లెక్క

పత్రికలను తప్పుపట్టడంతో పాఠం ముగిస్తే అది సగం చరిత్రే అవుతుంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో విజృంభణ గుజరాత్ నగరాలను కుదిపేసింది. సూరత్ శ్మశానాల్లో దహన యంత్రాలు విరామం లేకుండా పనిచేయడంతో వాటి లోహపు భాగాలు కరిగాయి. ప్రభుత్వం రోజూ ప్రకటించే మరణాల సంఖ్య చిన్నదిగానే ఉంది. అప్పుడు గుజరాతీ పత్రికల విలేకరులు ఆసుపత్రుల ముందు, శ్మశానాల ముందు నిలబడి శవాలను లెక్కపెట్టారు.

‘దివ్య భాస్కర్’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2021 మార్చి 1 నుంచి మే 10 వరకు రాష్ట్రంలో జారీ అయిన మరణ ధ్రువీకరణ పత్రాలు సుమారు 1.23 లక్షలని ప్రచురించింది. అంతకు ముందు ఏడాది అదే కాలంలో అవి సుమారు 58 వేలు. అధికారిక కోవిడ్ మరణాలు 4,218. పత్రాల సంఖ్యను మరణాల సంఖ్యగా తీసుకోరాదని ప్రభుత్వం వాదించింది. ఆ అభ్యంతరంలో కొంత నిజం ఉండవచ్చు. పత్రం ఆలస్యంగా తీసుకోవచ్చు, మరణానికి వేరే కారణం ఉండవచ్చు. కాని సుమారు 65 వేల తేడాకు వివరణ కావాలని అడిగే హక్కును ఆ లెక్క పౌరులకు ఇచ్చింది.

1994లో విన్న అంకె అచ్చయింది. 2021లో లెక్కపెట్టిన అంకె అచ్చయింది. మొదటిది జనాన్ని పరుగెత్తించింది, రెండోది అధికారులను జవాబు అడిగింది. రెండూ పత్రికలే. వాటి మధ్య తేడా అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్న ఒక్క విషయంలోనే ఉంది.

మీరు చేయవలసిన పని

మీరు ఆల్థాన్‌లో ఉన్నా, వరంగల్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా మీ ఊరి వార్తల పేజీని ఒక వారం రోజులు దాచి పెట్టండి. నగర సమస్యలపై వచ్చిన ప్రతి వార్తకూ మూడు ప్రశ్నలు వేయండి. ఇందులోని అంకెను ఎవరు, ఎలా లెక్కించారు? ఇది ఒక్క రోజు సంఘటనా, ఏళ్ల తరబడి ఉన్న స్థితి ఫలితమా? ఎవరి గురించి రాశారో వారి మాట ఇందులో వినబడుతోందా? జవాబులను పట్టికగా రాసి తరగతిలో చర్చించండి. ఆ తరువాత మీ వీధిలో ఇంతవరకు వార్త కానిది ఏమిటో వెదికి, లెక్కపెట్టి, పత్రికకు ఒక ఉత్తరం రాయండి.